శ్రీలంక విమానాశ్రయాలు: ప్రయాణికుల రాకపోకల తీరుతెన్నులు

వ్యాససంగ్రహం

శ్రీలంకకు భూసరిహద్దు లేదు. ఆ దేశానికి వచ్చేవారూ అక్కడి నుంచి వెళ్ళేవారూ దాదాపు అందరూ విమానాశ్రయాల గుండానే ప్రయాణిస్తారు. ఆ రాకపోకలలో అత్యధికభాగం కొలంబో సమీపంలోని కటునాయక విమానాశ్రయంలోనే కేంద్రీకృతమై ఉంది. భారీ వ్యయంతో నిర్మించిన మత్తల విమానాశ్రయానికి ప్రయాణికులు ఎందుకు రాలేదు, చిన్న రన్‌వే మాత్రమే ఉన్న యాళ్పాణం విమానాశ్రయానికి ఎందుకు వస్తున్నారు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రయాణికుల సంఖ్యను నిర్మాణ సామర్థ్యం కంటే, మనుషుల మధ్య అప్పటికే ఉన్న బంధుత్వ, ఉపాధి, యాత్రా సంబంధాలే ఎక్కువగా నిర్ణయిస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శ్రీలంక, విమానాశ్రయాలు, ప్రయాణికుల గణన, కటునాయక, మత్తల, యాళ్పాణం, వలస.

1. ఉపోద్ఘాతం

ద్వీపదేశానికి విమానాశ్రయం ఒక వసతి మాత్రమే కాదు, ఆచరణలో అదే సరిహద్దు. భారతదేశం నుంచి నేపాల్‌కు రోడ్డు మీద వెళ్ళవచ్చు. శ్రీలంకకు అలా వెళ్ళే వీలు లేదు. ఒకప్పుడు ఈ మాట పూర్తిగా నిజం కాదు. 1914 నుంచి ధనుష్కోడికీ తలైమన్నారుకూ మధ్య ఓడ నడిచేది. మద్రాసులో రైలెక్కినవారు ధనుష్కోడిలో దిగి, ఓడలో జలసంధి దాటి, అవతలి ఒడ్డున మరో రైలెక్కి కొలంబో చేరేవారు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి నాశనమైంది. ఆ తరువాత రామేశ్వరం నుంచి కొంతకాలం నడిచిన ఓడ కూడా 1980ల తొలినాళ్ళలో, అంతర్యుద్ధం మొదలయ్యే వేళకు ఆగిపోయింది. 2023 అక్టోబరులో నాగపట్నం, కాంకేశన్‌తురై రేవుల మధ్య ప్రయాణికుల నౌక మొదలయ్యేదాకా సుమారు నలభై ఏళ్ళపాటు సామాన్య ప్రయాణికుడికి దాదాపుగా విమానమే దిక్కయింది.

ఈ కారణంగా శ్రీలంక విమానాశ్రయాల ప్రయాణికుల సంఖ్యలను చదవడమంటే ఆ దేశపు బాహ్యసంబంధాలను చదవడమే. యుద్ధం, శాంతి, పర్యాటకం, వలస, అప్పు అన్నీ ఆ అంకెలలో జాడ వదిలాయి. అయితే ఆ అంకెలను నేరుగా చదివితే పొరబడే అవకాశం ఉంది. అందువల్ల ముందుగా గణన పద్ధతిని చూడాలి.

2. ప్రయాణికుణ్ణి లెక్కించే పద్ధతి

విమానాశ్రయ గణాంకాలలో ‘ప్రయాణికుడు’ అంటే ఒక వ్యక్తి కాదు, ఒక కదలిక. హైదరాబాదు నుంచి కొలంబో వెళ్ళి వారం తరువాత తిరిగివచ్చిన వ్యక్తి కటునాయక లెక్కలో రెండుసార్లు కనిపిస్తాడు: దిగినప్పుడు ఒకసారి, ఎక్కినప్పుడు ఒకసారి. కటునాయకలో విమానం మారి మాలేకో మెల్‌బోర్న్‌కో వెళ్ళే ప్రయాణికుడు శ్రీలంక నేల మీద అడుగుపెట్టకపోయినా, దిగినందుకూ ఎక్కినందుకూ రెండుసార్లు లెక్కకు వస్తాడు. వచ్చిన విమానంలోనే కూర్చుని ముందుకు సాగిపోయేవాణ్ణి మాత్రం సాధారణంగా ఒక్కసారే లెక్కిస్తారు.

పర్యాటకశాఖ ప్రకటించే ‘పర్యాటకుల రాక’ దీనికి భిన్నమైనది. అది వచ్చినవారిని మాత్రమే, అదీ విదేశీయులను మాత్రమే లెక్కిస్తుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, ఒకటి పెరిగితే రెండోదీ అదే నిష్పత్తిలో పెరగాలని భావించడం పత్రికావ్యాసాలలో తరచు కనిపించే పొరపాటు.

ఒక చిన్న లెక్క దీన్ని స్పష్టం చేస్తుంది. 2018లో శ్రీలంకకు వచ్చిన విదేశీ పర్యాటకులు 23,33,796 మంది. అందరూ కటునాయక గుండానే వచ్చి వెళ్ళారనుకున్నా వారి కదలికలు సుమారు 46.7 లక్షలు. ఆ ఏడాది కటునాయకలో నమోదైన మొత్తం రాకపోకలు సుమారు 1 కోటి 8 లక్షలు. అంటే పర్యాటకం శిఖరాగ్రాన ఉన్న ఏడాదిలో కూడా విదేశీ పర్యాటకుల వాటా సగానికి తక్కువే. మిగిలినవారెవరు? గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళే, సెలవుకు వచ్చే శ్రీలంక పౌరులు, భారతదేశానికి వచ్చే బౌద్ధ యాత్రికులు, చెన్నైలో సరుకు కొనే చిన్న వర్తకులు, విద్యార్థులు, విమానం మారేవారు. శ్రీలంక విమానాశ్రయాల మీద జరిగే చర్చంతా పర్యాటకుడి చుట్టూ తిరుగుతుంది గాని, ఆ టెర్మినల్‌ను నింపే సగానికి పైగా జనం అతడు కాదు.

3. కటునాయక: ఒక్క రన్‌వే మీద ఒక దేశం

శ్రీలంక తొలి విమానాశ్రయం కొలంబో దక్షిణ శివారులోని రత్మలాన. 1935 నవంబరు 27న అక్కడ దిగిన మొదటి విమానం మద్రాసు నుంచి వచ్చింది. 1938లో టాటా సంస్థ తపాలా విమానాలు రత్మలానకు నడిచాయి. 1947 డిసెంబరు 10న ఎయిర్ సిలోన్ సంస్థ తన తొలి సర్వీసును రత్మలాన నుంచి, ద్వీపం ఉత్తర కొసను తాకుతూ, మద్రాసుకే నడిపింది. జెట్ విమానాల కాలానికి రత్మలాన చాలకపోవడంతో రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వాయుసేన నెగొంబో దగ్గర వేసుకున్న స్థావరాన్ని అంతర్జాతీయ విమానాశ్రయంగా మార్చారు. అదే కొలంబోకు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కటునాయక. ఇప్పటి అధికారిక నామం బండారనాయక అంతర్జాతీయ విమానాశ్రయం.

దీనికి ఉన్నది ఒకటే రన్‌వే, పొడవు 3,350 మీటర్లు. ప్రధాన టెర్మినల్ ఏడాదికి 60 లక్షల ప్రయాణికులకు ఉద్దేశించినది. 2018లో దాదాపు దానికి రెట్టింపు రాకపోకలను అది మోసింది. ఒకే రన్‌వే మీద ఆధారపడడం వల్ల కలిగే ఇబ్బంది 2017లో తెలిసివచ్చింది. ఆ సంవత్సరం జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు రన్‌వే మరమ్మతుల కోసం రోజూ పగటిపూట ఎనిమిది గంటలు విమానాశ్రయాన్ని మూసివేయవలసివచ్చింది. దేశపు ప్రధాన ద్వారం మూడు నెలలపాటు పగలు మూసి రాత్రి తెరిచారన్నమాట.

కటునాయక రాకపోకల చరిత్రలో పతనాలు ఎంత స్పష్టమో కోలుకోవడాలూ అంతే స్పష్టం. 2001 జూలై 24న ఎల్‌టిటిఇ జరిపిన దాడిలో జాతీయ విమానసంస్థ విమానాలలో దాదాపు సగం ధ్వంసమయ్యాయి లేదా దెబ్బతిన్నాయి. 2000లో 4 లక్షలకు చేరిన పర్యాటకుల సంఖ్య ఆ ఏడాది 3.37 లక్షలకు పడిపోయింది. 2009లో యుద్ధం ముగిసేనాటికి 4.48 లక్షలున్న ఆ సంఖ్య తొమ్మిదేళ్ళలో ఐదు రెట్లు దాటింది. 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ పేలుళ్ళ తరువాత 19.1 లక్షలకూ, మహమ్మారి కాలంలో 2021 నాటికి 1.94 లక్షలకూ దిగజారింది. 2024లో తిరిగి 20 లక్షలు దాటింది. వారిలో 4 లక్షలకు పైగా భారతీయులు.

2022 సంవత్సరాన్ని విడిగా చూడాలి. ఆ ఏడాది దేశంలో విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. విమాన ఇంధనం కొరత ఏర్పడింది. కొలంబో నుంచి బయలుదేరిన దూరప్రయాణ విమానాలు తిరువనంతపురంలోనో కొచ్చిలోనో ఆగి ఇంధనం నింపుకుని సాగాయి. పర్యాటకులు 7.2 లక్షలకు మించలేదు. కాని అదే ఏడాది ఉపాధి కోసం విదేశాలకు నమోదై వెళ్ళిన శ్రీలంకవాసులు 3 లక్షలకు పైగా ఉన్నారు. అప్పటివరకు ఏ ఏడాదిలోనూ అంతమంది వెళ్ళలేదు. బస్సులకు డీజిలు దొరకని రోజులలో కూడా కటునాయక నిర్గమన ద్వారాల దగ్గర వరుసలు తగ్గలేదు. విమానాశ్రయంలో రద్దీ పెరగడం దేశం బాగుపడుతున్నదనడానికి సూచన అనే సాధారణ భావనను ఈ ఒక్క సంవత్సరమే ప్రశ్నార్థకం చేస్తుంది. ప్రయాణికుల పట్టికలో సంతోషంగా వచ్చినవాడూ గత్యంతరం లేక వెళ్ళినవాడూ ఒకే అంకె.

రద్దీని తగ్గించడానికి జపాన్ రుణంతో తలపెట్టిన రెండవ టెర్మినల్ నిర్మాణం, 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేయడంతో ఆగిపోయింది. నిలిచిన రుణసహాయాన్ని పునరుద్ధరిస్తామని జపాన్ 2024 జూలైలో ప్రకటించింది.

3.1 భారతీయ నగరాలు, తెలుగు నేల

కటునాయక రాకపోకలలో విమానం మారేవారి పాత్రను అర్థం చేసుకోవడానికి విశాఖపట్నం ఉదాహరణ ఉపకరిస్తుంది. 2017 జూలైలో శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ సంస్థ హైదరాబాదు, విశాఖపట్నం, కోయంబత్తూరు నగరాలకు కొత్తగా సర్వీసులు మొదలుపెట్టింది. విశాఖ నుంచి కొలంబో చూడడానికి వెళ్ళేవారితోనే విమానం నిండుతుందని ఆ సంస్థ అనుకుని ఉండదు. అక్కడి నుంచి ఆగ్నేయాసియాకూ గల్ఫ్‌కూ ఆస్ట్రేలియాకూ వెళ్ళేవారిని కటునాయకకు రప్పించి వేరే విమానం ఎక్కించడమే ఇటువంటి మార్గాల వెనుక ఉండే లెక్క. విశాఖ సర్వీసు ఎక్కువకాలం సాగలేదు; హైదరాబాదు మార్గం నిలదొక్కుకుంది. కూడలి విమానాశ్రయం సమకూర్చే ప్రయాణికులు ఎంత త్వరగా వస్తారో అంత త్వరగా వేరే కూడలికి మళ్ళిపోగలరు. వారికి ఆ ఊరితో పని లేదు, టిక్కెట్టు ధరతో, వేచి ఉండే సమయంతో మాత్రమే పని.

యాత్రికుల సంగతి వేరు. బుద్ధగయ వెళ్ళే శ్రీలంక బౌద్ధుల కోసం శీతకాలంలో కొలంబో నుంచి గయకు నేరుగా విమానాలు నడుస్తాయి. 2021 అక్టోబరులో కుశీనగర్ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు అక్కడ దిగిన తొలి విమానం కూడా భిక్షువులతో కొలంబో నుంచి వచ్చినదే. ఈ సందర్భంలో నాగార్జునకొండ గుర్తుకు రాకమానదు. మూడవ శతాబ్దినాటి అక్కడి శాసనం సింహళ విహారాన్ని పేర్కొన్నది. తామ్రపర్ణి నుంచి వచ్చిన భిక్షువులకు కృష్ణాతీరం అప్పుడు గమ్యస్థానం. నేటి విమానమార్గాలలో ఆ యాత్రకు చోటు లేదు.

4. మత్తల: రన్‌వే ఉంది, ప్రయాణికులు లేరు

ద్వీపానికి ఆగ్నేయంగా హంబన్‌తోట జిల్లాలోని మత్తలలో 2013 మార్చి 18న దేశపు రెండవ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. వ్యయం సుమారు 20.9 కోట్ల డాలర్లు. అందులో 19 కోట్లు చైనా ఎగ్జిమ్ బ్యాంకు రుణం. రన్‌వే పొడవు 3,500 మీటర్లు, అంటే కటునాయక కంటే పెద్దది. టెర్మినల్ సామర్థ్యం ఏడాదికి 10 లక్షల ప్రయాణికులు. అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లా అది. విమానాశ్రయానికి ఆయన వంశనామమే పెట్టారు.

ప్రారంభ సంవత్సరాలలో ప్రయాణికులు ఆ సామర్థ్యంలో పదో వంతుకు కూడా చేరలేదు. జాతీయ విమానసంస్థ కొన్ని విదేశీ సర్వీసులను మత్తలలో ఆపి నడిపింది. 2015 జనవరిలో ప్రభుత్వం మారిన కొద్దిరోజులకే అవి రద్దయ్యాయి. అక్కడి సరుకుల గిడ్డంగులలో ధాన్యం నిల్వచేశారు. చుట్టూ ఉన్న అడవిలోని ఏనుగులనూ దున్నలనూ జింకలనూ రన్‌వే పరిసరాల నుంచి తరిమేందుకు 2016లో సైనికులనూ పోలీసులనూ దింపారు. అదే ఏడాది ఒక అమెరికన్ వాణిజ్యపత్రిక దీన్ని ప్రపంచంలో అత్యంత ఖాళీ అంతర్జాతీయ విమానాశ్రయంగా వర్ణించింది. చివరికంటా నిలిచిన గల్ఫ్ విమానసంస్థ కూడా 2018లో వెళ్ళిపోయింది.

ఈ వైఫల్యాన్ని రాజకీయ ఆడంబరానికో చైనా రుణానికో ఆపాదించి ముగించడం పరిపాటి. ఆ రెండూ వ్యయాన్ని వివరిస్తాయి. ప్రయాణికులు లేకపోవడాన్ని వివరించవు. నదికి పరీవాహక ప్రాంతం ఉన్నట్టే విమానాశ్రయానికీ జనాన్ని సమకూర్చే పరిధి ఒకటి ఉంటుంది. 2012 జనగణన ప్రకారం హంబన్‌తోట జిల్లా జనాభా సుమారు 6 లక్షలు. కొలంబో, గంపహ, కళుతర జిల్లాలతో కూడిన పశ్చిమ రాష్ట్రంలో 58 లక్షలకు పైగా ఉన్నారు. హంబన్‌తోటను దేశపు రెండవ మహానగరంగా తీర్చిదిద్దాలన్న ప్రణాళిక మీద విమానాశ్రయపు అంచనాలు ఆధారపడ్డాయి. ఓడరేవు 2010లో వచ్చింది. 2018 కామన్‌వెల్త్ క్రీడల కోసం పోటీపడితే 2011లో అవి ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌కు దక్కాయి. నగరం మాత్రం రాలేదు. రాని నగరపు ప్రయాణికుల కోసం టెర్మినల్ కట్టారు.

రహదారులు పరిస్థితిని మరింత జటిలం చేశాయి. కొలంబో, గాల్లే నగరాల మధ్య వేగరహదారి 2011లో, కొలంబో, కటునాయకల మధ్యది 2013లో తెరిచారు. 2019లో వలయరహదారి ఈ రెండింటినీ కలిపింది. 2020 ఫిబ్రవరిలో దక్షిణ వేగరహదారి మత్తల వరకు సాగింది. మత్తలకు జనాన్ని తేవలసిన దారి, దక్షిణ తీరంలోని జనాన్ని కటునాయకకు కూడా అంతే సుఖంగా తీసుకుపోతుంది. ఒక విమానాశ్రయంలో రోజుకు అనేక నగరాలకు విమానాలుండి, మరొకదానిలో వారానికి నాలుగైతే, గాల్లే ప్రయాణికుడు ఎటు తిరుగుతాడో ఊహించడం కష్టం కాదు. ప్రయాణికులు లేనందున విమానాలు రావు; విమానాలు లేనందున ప్రయాణికులు రారు. ఈ చక్రాన్ని ఛేదించడానికి రన్‌వే పొడవు చాలదు.

మత్తల పూర్తిగా నిష్ప్రయోజనమన్న తీర్పు కూడా సరికాదు. కటునాయకలో దిగలేని విమానానికి చెన్నైకో తిరువనంతపురానికో పోకుండా దేశంలోనే ప్రత్యామ్నాయం దొరికింది. మహమ్మారి కాలంలో 2020 డిసెంబరు చివర ఉక్రెయిన్ పర్యాటకులను తొలుత అక్కడే దింపారు. తరువాత రష్యా నుంచి శీతకాలపు విమానాలు వచ్చాయి. ఇవన్నీ కొన్ని నెలల రాకపోకలు. నిర్వహణను ముప్పై ఏళ్ళకు ఒక భారతీయ, ఒక రష్యన్ సంస్థకు అప్పగించాలని 2024 ఏప్రిల్‌లో మంత్రివర్గం ఆమోదించినా ప్రభుత్వం మారడంతో అది పునఃపరిశీలనకు వచ్చింది.

5. ప్రాంతీయ విమానాశ్రయాలు

దేశీయ విమానయానం గురించి చెప్పవలసింది కొద్దే. శ్రీలంక ఉత్తర దక్షిణాల పొడవు 432 కిలోమీటర్లు. రైలూ బస్సూ ఉన్న ఇంత చిన్న నేల మీద విమానమెక్కే అవసరం కొద్దిమందికే కలుగుతుంది. రత్మలాన 2022 మార్చిలో మాలే నుంచి వచ్చిన విమానంతో మళ్ళీ అంతర్జాతీయ హోదా పొందింది గాని దాని రన్‌వే చిన్న విమానాలకే సరిపోతుంది. తూర్పుతీరంలోని మట్టక్కళప్పుదీ అదే పరిస్థితి. పొరుగునున్న మాల్దీవులతో పోలిస్తే భేదం తెలుస్తుంది. అక్కడ దీవికీ దీవికీ మధ్య సముద్రమే ఉన్నందున నీటివిమానాలు బస్సుల్లా తిరుగుతాయి. దేశీయ రాకపోకలు అంతర్జాతీయ రాకపోకలకు కొనసాగింపు. ‘ద్వీపదేశం’ అన్న ఒకే మాట కింద ఒంటరి దీవినీ దీవుల సముదాయాన్నీ చేర్చి పోల్చే అధ్యయనాలు ఈ భేదాన్ని గుర్తించాలి.

6. యాళ్పాణం: వెళ్ళిపోయినవారి విమానాశ్రయం

ఉత్తర కొసన పలాలిలోని విమానస్థలం కూడా రెండవ ప్రపంచయుద్ధం నాటిదే. యుద్ధానికి ముందు అక్కడి నుంచి మద్రాసుకూ తిరుచిరాపల్లికీ విమానాలుండేవి. అంతర్యుద్ధంలో అది సైనిక స్థావరమైంది. రహదారి మూసినప్పుడల్లా యాళ్పాణం పౌరులు కొలంబో చేరడానికి ఆ స్థావరం నుంచే విమానమెక్కవలసివచ్చేది. 1998 సెప్టెంబరు 29న అలా బయలుదేరిన లయన్ ఎయిర్ విమానం మన్నారు తీరంలో కూలిపోయింది. అందులోని 55 మందీ మరణించారు. యుద్ధానంతరం 2009లో రహదారి తెరుచుకుంది, 2014 అక్టోబరులో రైలు తిరిగి యాళ్పాణం చేరింది. దాంతో దేశీయ విమానాల అవసరం తగ్గిపోయింది.

2019 అక్టోబరు 17న యాళ్పాణం అంతర్జాతీయ విమానాశ్రయంగా దాన్ని తిరిగి ప్రారంభించినప్పుడు దిగిన తొలి విమానం చెన్నై నుంచి వచ్చింది. రన్‌వే సుమారు 1,400 మీటర్లు; డెబ్బై మందికి పైబడి పట్టే ఏటీఆర్ విమానాలు మాత్రమే అక్కడికి వస్తాయి. నవంబరులో మొదలైన చెన్నై సర్వీసు 2020 మార్చిలో మహమ్మారితో ఆగి, 2022 డిసెంబరు 12న మళ్ళీ మొదలైంది. 2024 సెప్టెంబరులో మరో భారతీయ సంస్థ చెన్నై నుంచీ, 2025 మార్చి చివర తిరుచిరాపల్లి నుంచీ విమానాలు నడపసాగింది. మొత్తం మీద సంఖ్యలు చిన్నవే. కటునాయకతో పోల్చదగినవి కావు. గమనించవలసింది దిశను: సంస్థలు వదిలిపోలేదు, ఒకటి తరువాత ఒకటి వచ్చాయి.

2012 జనగణనలో యాళ్పాణం జిల్లా జనాభా 5,83,882. హంబన్‌తోట జనాభాకు అది దాదాపు సమానం, నిజానికి కాస్త తక్కువ. జనసంఖ్యే ప్రయాణికులను నిర్ణయించేటట్లయితే ఈ రెండింటి మధ్య భేదం ఉండకూడదు. 1981 జనగణనను కూడా చూస్తే భేదం తెలుస్తుంది. అప్పటి యాళ్పాణం జిల్లాలో, నేటి కిళినొచ్చిని కలుపుకుని, 8.3 లక్షలమంది ఉండేవారు. 2012లో రెండు జిల్లాలనూ కలిపినా 7 లక్షలకు చేరలేదు. దేశ జనాభా సుమారు 1.5 కోట్ల నుంచి 2 కోట్లు దాటిన మూడు దశాబ్దాలలో ఇక్కడ జనం తగ్గారు. చనిపోయినవారు చనిపోగా మిగిలినవారు కొలంబో, చెన్నై, టొరంటో, లండన్, పారిస్ నగరాలకు చేరారు. యాళ్పాణం విమానాశ్రయాన్ని నింపేది అక్కడి జనాభా కంటే అక్కడ లేని జనాభా. పెళ్ళికో పేరంటానికో గుడి ఉత్సవానికో వృద్ధులైన తల్లిదండ్రులను చూడడానికో వారు వస్తారు. ఇక్కడివారు వైద్యానికీ చదువుకూ చెన్నై పోతారు. హంబన్‌తోటకు ఇటువంటి చెల్లాచెదురైన బంధువర్గం లేదు.

ప్రయాణికుల అంచనాలలో జనాభా, తలసరి ఆదాయం, హోటళ్ళ గదుల సంఖ్య వంటి చలరాశులను వాడడం ఆనవాయితీ. వలసవెళ్ళినవారి సంఖ్యను, వారు స్థిరపడిన నగరాలను కూడా ఒక చలరాశిగా తీసుకోవాలని ఈ రెండు జిల్లాల పోలిక సూచిస్తున్నది. గల్ఫ్‌కు వెళ్ళినవారు ఎక్కువగా ఉన్న కేరళ, ఉత్తర తెలంగాణ జిల్లాల విమానయాన అధ్యయనాలకూ ఇది వర్తింపజేసి చూడవచ్చు.

పలాలిలో పెద్ద విమానాలు దిగాలంటే రన్‌వే పొడిగించాలి. దానికి నేల కావాలి. విమానాశ్రయం చుట్టూ ఉన్న వలికామం ఉత్తర ప్రాంతంలోని గ్రామాల ప్రజలను 1990లో ఖాళీ చేయించి, ఆ నేలను సైనిక భద్రతా మండలంలో కలిపారు. యుద్ధానంతరం కొంత భూమిని విడతలుగా తిరిగి ఇచ్చారు. మిగిలినదాని కోసం సొంతదారులు ఇప్పటికీ అడుగుతున్నారు. విమానాశ్రయ విస్తరణ పేరుతో తమ పొలాలు శాశ్వతంగా పోతాయని వారి భయం. పొడవైన రన్‌వే కోరుకునేవారూ ఆ రన్‌వే కింద పోయే నేలను కోరుకునేవారూ చాలాచోట్ల ఒకే కుటుంబంవారు: ఒకరు విదేశంలో ఉన్నారు, మరొకరు కంచెకు ఇవతల అద్దె ఇంట్లో ఉన్నారు.